రాహేలమ్మకు జోడీ

మదింపు బృందం వచ్చి వెళ్ళినప్పుడల్లా మా విశ్వవిద్యాలయానికి ఏదో ఒక జబ్బు అంటించి వెళుతుంది. ఒకసారి మొక్కలు నాటే జబ్బు, ఇంకోసారి కనపడ్డ గోడ మీదల్లా ఆశయాలు రాయించే జబ్బు. పోయిన ఏడాది వచ్చినవాళ్ళు మా సామాజిక న్యాయ అధ్యయన కేంద్రంలో పెసరట్టు ఉప్మా తిని, చేతులు తుడుచుకుంటూ ఒక మాట అన్నారు. హక్కుల కోసం పోరాడిన మహానుభావుల్ని మీరు విడివిడిగా చెబుతున్నారు, పోల్చి చెప్పడం లేదు, అందులోనూ పరాయి దేశాల వాళ్ళతో పోల్చడం అసలే లేదు అని. ఆ ఒక్క మాటతో మా గ్రేడు ఒక మెట్టు దిగింది.

మా వైస్ ఛాన్సలర్ పరాంకుశరావు గారు దిగిన మెట్టుని మరిచిపోయే మనిషి కాదు. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చేసింది. పరిశోధన విభాగంలో సహాయ రిజిస్ట్రార్ని కనుక దాన్ని రాసింది నేనే, అందులో భాష కూడా నాదే. "ఇందుమూలముగా సమస్త విభాగములకు తెలియజేయునది ఏమనగా, హక్కులు, సమానత్వము, సామాజిక న్యాయము మొదలగు అంశములపై కృషి సల్పిన ఏ చింతకుని పేరునూ ఇకమీదట ఒంటిగా ఉచ్చరించరాదు, బోధించరాదు, పటము కట్టరాదు. ప్రతి చింతకునికీ అన్య సంస్కృతికి చెందిన జోడీ ఒకటి ఉండవలెను."

నియమమంటే నాకు మొదటినుంచీ గౌరవం. మంచి నియమమా చెడ్డ నియమమా అని అడిగేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళకి ప్రమోషన్లు రావు. నేను ఆ మర్నాటి నుంచే అమలు మొదలుపెట్టాను. సెమినార్ హాల్లో జోడీ లేని పటాలన్నీ దింపించి, విరిగిన ఫ్యాన్లుండే గదిలో పెట్టించాను. మనుషుల్ని వేరుగా కూర్చోబెట్టకూడదని బతుకంతా పోరాడినాయన ఒకాయన అందులో ఉన్నాడు. ఆయన పటం పెద్దది, ఫ్యాన్ల పక్కన పట్టకపోతే విడిగా బాత్రూం పక్కన పెట్టాల్సి వచ్చింది. చరిత్ర శాఖలో ఒక లెక్చరర్ పాఠం చెబుతూ మొదటి పేరు చెప్పాడు, రెండో పేరు చెప్పేలోపు గంట కొట్టారు. ఒంటి చింతకుణ్ణి తరగతి గదిలో వదిలేసి వచ్చినందుకు ఆయనకి మెమో ఇచ్చాం.

అయితే ఎవరికి ఎవరు జోడీ అన్నది ఎలా తేల్చాలి? దానికో కమిటీ వేశారు. నన్ను సభ్య కార్యదర్శిని చేశారు, కేంద్రం డైరెక్టర్ నీలాంబరం గారిని అధ్యక్షుణ్ణి చేశారు. నీలాంబరం గారు చదువుకునే రోజుల్లో మా ప్రహరీ గోడ మీద రాత్రికి రాత్రి నినాదాలు రాసిన మనిషి. ఇప్పుడు ఆ గోడకి సున్నం వేయించే కమిటీకి కూడా ఆయనే అధ్యక్షుడు. మొదటి సమావేశంలో, జైల్లో ఎవరెన్నాళ్ళున్నారో చూసి జత కడదామని ఒకాయన అన్నాడు. జైళ్ళు అన్ని దేశాల్లోనూ ఒకలా ఉండవని ఇంకొకాయన అడ్డం తిరిగాడు. టీలు తాగడం అయింది, జోడీ ఒక్కటీ తేలలేదు. అప్పుడు వైస్ ఛాన్సలర్ గారు లోపలికొచ్చి, పోల్చడమనేది మనకి కొత్తా, వేల ఏళ్ళుగా మన ఇళ్ళల్లో ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన పెట్టి ముప్పైఆరు మార్కులకి లెక్క కట్టే శాస్త్రం ఉంటే పరాయివాళ్ళ పద్ధతి మనకెందుకన్నారు. స్వదేశీ విజ్ఞానానికి ఆ ఏడు గ్రేడులో వేరే మార్కులున్నాయన్న సంగతి కూడా గుర్తు చేశారు.

అలా మా కమిటీకి పెళ్ళి పొంతనలు చూసే మార్తాండశర్మ గారొచ్చారు. పెద్దాయన. విషయం వినగానే నోట్లో వక్కపలుకు ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకి మార్చుకున్నారు.

"ఇది పెళ్ళిళ్ళకండీ. వీళ్ళు కాపరం చెయ్యరు కదా" అన్నారు.

"కాపరం సంగతి మేం చూసుకుంటాం, మీరు లెక్క చూడండి" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు.

ఆయన లెక్క చూశారు. చూసిన కొద్దీ మా సిలబస్ మారిపోయింది. ముప్పైఏళ్ళుగా ఒకే పేపర్లో చెబుతున్న ఇద్దరు మహా చింతకులకి నాడీ దోషం తేలింది. ఇద్దరూ కలిస్తే సంతానం ఉండదట. సంతానమంటే ఇక్కడ శిష్యులని అర్థం చేసుకుని వాళ్ళని విడదీశాం. ఇంకో జంటకి పన్నెండు మార్కులే వచ్చాయి, కానీ శాంతి చేయిస్తే దోషం పోతుందన్నారు. దేవుడు లేడని ఊరూరా తిరిగి చెప్పినాయన పేరు మీద నవగ్రహ శాంతి చేయించడానికి నీలాంబరం గారు కాస్త ఇబ్బంది పడ్డారు. అందుకని మినిట్స్‌లో దాన్ని "దోష నివారణ సదస్సు" అని రాశాను, ప్రసాదాన్ని అల్పాహారం కింద చూపించాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మందా సువార్త మా సెక్షన్‌కి వచ్చింది.

సువార్త మా పరిశోధక విద్యార్థిని. సన్నగా, పొడుగ్గా, ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళ కళ్ళల్లోకే చూస్తూ ఉంటుంది. మాకు అలాంటి విద్యార్థులంటే కొంచెం భయం. సిద్ధాంత గ్రంథం ఇచ్చేసింది, పరీక్షకులు బాగుందని రాసి పంపారు, మౌఖిక పరీక్ష కూడా అయిపోయింది. ఇక మిగిలింది మా కమిటీ ఇచ్చే జోడీ ధ్రువపత్రం. అది లేందే డాక్టరేటు చేతికి రాదు. డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ దగ్గరికొచ్చేసింది, డాక్టరేటు కాగితం లేకపోతే లోపలికి రానివ్వరు. అలాంటి ప్రకటన మళ్ళీ వచ్చేసరికి ఆమెకి వయసు దాటిపోతుంది. ఇవన్నీ ఆమె నెమ్మదిగానే చెప్పింది. నేనూ నెమ్మదిగానే దరఖాస్తు తీసుకున్నాను.

ఆమె పరిశోధన రాహేలమ్మ అనే ఆవిడ మీద. పర్చూరు వైపు, స్వతంత్రం వచ్చే రోజుల్లో, పొగాకు కంపెనీలో ఆకు ఏరే కూలీ. పాలుతాగే పిల్లల్ని తల్లులు కంపెనీ బయట చీర ఉయ్యాలల్లో వదిలి లోపల పనిచేసేవాళ్ళు. పిల్ల ఏడ్చిందని బయటికెళితే సగం రోజు కూలీ కోత. ఒకరోజు రాహేలమ్మ బిడ్డని లోపలికి తెచ్చి, పొగాకు కట్టలు తూచే కాటా మీద పడుకోబెట్టింది. మేస్త్రీతో ఒక మాట అంది: "పాలు తాగకముందు తూచు, తాగినాక తూచు. ఆ తేడా నా కూలీలో పట్టుకో." ఆమె వెనక తల్లులందరూ బిడ్డల్ని ఎత్తుకుని కాటా దగ్గర వరస కట్టారు. తూచడానికి మేస్త్రీకి చెయ్యి రాలేదు. ఆ మర్నాటి నుంచి కంపెనీలో పూటకి ఒకసారి పాల గంట కొట్టడం మొదలైంది. ఇలాంటివి ఆమె ఇంకా చాలా చేసింది. సువార్త ఊరూరా తిరిగి, ముసలమ్మల దగ్గర కూర్చుని ఇవన్నీ పోగుచేసింది.

సమావేశంలో సువార్తని నిలబెట్టి అడిగాం. రాహేలమ్మ ఏం రాసిందన్నారు నీలాంబరం గారు. ఆమెకి రాయడం రాదు సార్ అంది సువార్త. రాయని మనిషిని చింతకురాలని ఏ ప్రాతిపదికన నిర్ధారించారని అడిగారు. ఆలోచించింది కనుక, అంది. ఆ జవాబుని మినిట్స్‌లో ఎలా ఎక్కించాలో నాకు తెలియక "తృప్తికరముగా లేదు" అని రాశాను.

తర్వాత జోడీ దగ్గరికొచ్చాం. రాహేలమ్మకి పుట్టిన తేదీ లేదు. ఏదో పెద్ద గాలివాన వచ్చిన ఏడు పుట్టిందంటారు, ఆ జిల్లాలో పెద్ద గాలివాన రాని ఏడేది? అందుకని మార్తాండశర్మ గారు నామ నక్షత్రం పట్టారు. "రా" అక్షరానికి చిత్త, మూడో పాదం, రాక్షస గణం. కమిటీ వాళ్ళందరం సువార్త వైపు జాలిగా చూశాం. రాక్షస గణం వాళ్ళకి సంబంధం దొరకడం మామూలు ఇళ్ళల్లోనే కష్టం.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. విదేశాల్లో రాహేలమ్మలాగే నిలబడ్డ ఆడకూలీల పేర్లు సువార్త కొన్ని రాసుకుని తెచ్చింది. కానీ మా పట్టికలో ఒక గడి వరుడిది, ఒక గడి వధువుది. ఇద్దరు ఆడవాళ్ళని పెట్టి లెక్క కడితే శాస్త్రం ఒప్పుకోదు. కనుక రాహేలమ్మకి ఒక మగ చింతకుణ్ణి వెతకాలని తీర్మానించాం. వెతగ్గా వెతగ్గా దొరికాడు. యూరపులో ఇప్పుడు పటంలో కూడా లేని ఓ చిన్న సంస్థానంలో వొడ్రిస్కా ప్రభువు అనే జమీందారు. బండికి కట్టే గుర్రాలకి ఆదివారం సెలవివ్వాలని ఒకే ఒక కరపత్రం రాశాడు. బండి తోలేవాడి సెలవు సంగతి అందులో లేదు. అతనికి పుట్టిన తేదీ ఉంది, దాన్నిబట్టి విశాఖ, రాక్షస గణం. శర్మగారు వేళ్ళు మడిచి, మళ్ళీ విప్పి, ముప్పైఆరుకి ముప్పైనాలుగు అన్నారు. తన కూతురి పెళ్ళికి కూడా అన్ని మార్కులు చూడలేదట.

ఆ ప్రభువు దగ్గర పనిచేసే ఆడవాళ్ళ బిడ్డలకి పాలెవరిచ్చేవాళ్ళో ఆయనెక్కడైనా రాశాడా అని సువార్త అడిగింది. నీలాంబరం గారి మొహం వెలిగిపోయింది. గుర్రప్పిల్లల పాల గురించి రెండు పూర్తి పేజీలున్నాయన్నారు. "చూశావా, నువ్వే పోలిక పట్టేశావు" అని మెచ్చుకున్నారు కూడా.

ఆమె ఇద్దర్నీ పోల్చి ఒక అధ్యాయం చేర్చవలసి వచ్చింది. ఇంటర్వ్యూ తరుముకొస్తోంది, ఏం చేస్తుంది, రాసి తెచ్చింది. ఎలా రాసిందో నేను చదవలేదు, ప్రతి పేజీలోనూ రెండు పేర్లూ ఉన్నాయా లేదా అని మాత్రం చూసి సీలు వేశాను. ఆ కట్ట నా చేతికిచ్చేటప్పుడు ఆ పిల్ల మొదటిసారి నా కళ్ళల్లోకి చూడలేదు.

ధ్రువపత్రం అప్పుడే ఇచ్చేయొచ్చు. కానీ మదింపు బృందం మళ్ళీ వస్తోంది. వాళ్ళ ఎదుట జోడీ పటాల ఆవిష్కరణ చేసి, ఆ వేదిక మీదే ఇద్దామని వైస్ ఛాన్సలర్ గారు ఆగమన్నారు. ఆ రోజు ఇంటర్వ్యూకి ముందురోజే పడింది. రాహేలమ్మకి ఫొటో లేదు కనుక మా ఊరి సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టు చేత బొమ్మ వేయించాం. ఆయన చేతికి బాగా అలవాటైన మొహమే వచ్చింది: తెల్లటి రంగు, పెద్ద బొట్టు, ముక్కుపుడక, కంచిపట్టు చీర. పక్కన వొడ్రిస్కా ప్రభువు, మీసాలతో. ఆహ్వానాలు వేసిన ప్రెస్సు వాడు అన్నీ పెళ్ళిపత్రికలే వేస్తాడు. నాలుగు మూలలా పసుపు పూసి, "సకుటుంబ సపరివారముగా విచ్చేసి" అని తనకి తెలిసిన వాక్యమే వేసి ఇచ్చాడు. అందులో రాహేలమ్మ పేరుకి ముందు చి.ల.సౌ. అని ఉంది. మార్చడానికి టైము లేదు.

సకుటుంబమని రాశాం కనుక కుటుంబం వచ్చింది. పర్చూరు బస్సులో వచ్చి దిగింది దీవెనమ్మ, రాహేలమ్మ కూతురు. ఆ కాటా మీద పడుకున్న బిడ్డ ఆవిడే. ఇప్పుడు డెబ్భైదాటిన మనిషి, తెల్లచీర, చేతికర్ర, వెంట ఇంకో నలుగురు ఆడవాళ్ళు. సువార్త వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టింది. ముందు వరస కుర్చీలకి తెల్ల తువ్వాళ్ళు కప్పి ఉన్నాయి, అవి పెద్దలకని అటెండరు చెప్పబోయాడు కానీ అప్పటికే వాళ్ళు కూర్చుని ఉన్నారు.

తెర లాగారు. రెండు పటాలూ పక్కపక్కన, రెండింటినీ కలిపి ఒకే పెద్ద బంతిపూల దండ. మదింపు బృందం చప్పట్లు కొట్టింది. దీవెనమ్మ చేతికర్ర ఊతంతో లేచి పటం దగ్గరికెళ్ళి, కళ్ళు చికిలించి చూసింది.

"ఈవిడెవరు?"

మీ అమ్మగారేనమ్మా అన్నారు నీలాంబరం గారు.

"మా అమ్మ నల్లటి మడిసి. బొట్టు పెట్టుకోదు. పోనీలే, మీరు చూళ్ళేదు గదా. ఆ పక్కనాయనెవరు?"

ఆయన పాశ్చాత్య మహనీయుడనీ, శాస్త్రీయ పద్ధతిలో తులనాత్మకంగా ఎంపిక చేశామనీ వైస్ ఛాన్సలర్ గారు స్వయంగా వివరించారు. దీవెనమ్మ అంతా విని, చేతిలోని పసుపు అంచు పత్రిక మళ్ళీ ఒకసారి తిప్పి చూసింది. ఆవిడకి చదువు రాదు గానీ పెళ్ళిపత్రిక ఎలా ఉంటుందో తెలుసు.

"మా అయ్య పేరు యేసోబు. అమ్మ పోయిన రెండేళ్ళకి అయ్యా పోయాడు. ఇద్దర్నీ ఒకేచోట పెట్టాం. ఇప్పుడీ దొరకి మా అమ్మని మీరెవరయ్యా ఇవ్వడానికి?"

మార్తాండశర్మ గారు సర్దిచెప్పే ఉద్దేశంతో, ముప్పైఆరుకి ముప్పైనాలుగు కలిసిందమ్మా, ఇంత మంచి పొంతన దొరకదని చెప్పారు. ఆవిడ శర్మగారి వైపు తిరిగింది.

"ఆ రెండూ ఎవరికి తక్కువ? ఆయనకా, మా అమ్మకా?"

ఆ ప్రశ్న మా పట్టికలో లేదు. శర్మగారు నీలాంబరం గారి వంక, నీలాంబరం గారు నా వంక చూశారు. నేను మినిట్స్ పుస్తకం వంక చూశాను. మదింపు బృందం నాయకుడు పెన్ను తీశాడు, ఆయన పెన్ను తీశాడంటే ఒక మెట్టు దిగబోతోందని మాకు తెలుసు.

అలాంటప్పుడే నాయకుడన్నవాడి సత్తా తెలిసేది. పరాంకుశరావు గారు మైకు అందుకుని, కుటుంబ సభ్యుల మనోభావాలను గౌరవిస్తూ విశ్వవిద్యాలయం ఈ జోడీని ఇక్కడికిక్కడే రద్దు చేస్తోందని ప్రకటించారు. మరి రాహేలమ్మ మళ్ళీ ఒంటిదైపోలేదా అని బృందం నాయకుడు అడిగాడు. లేదండీ, అన్నారాయన. సర్క్యులర్ నిషేధించింది ఒంటి చింతకుల్ని. ఒకసారి జత కట్టి విడిపోయినవాళ్ళు ఒంటివాళ్ళు ఎలా అవుతారు? దేశంలోనే మొట్టమొదటి చింతకుల విడాకులు మా విశ్వవిద్యాలయంలో, మీ సమక్షంలో జరుగుతున్నాయి. బృందం నాయకుడు పెన్ను మూసి, "వినూత్నం" అన్నాడు. దండ మధ్యకి కత్తిరించి ఎవరి సగం వాళ్ళకి వేశారు. భోజనాలకి వెళ్ళారు.

సాయంత్రం నా సెక్షన్లో ధ్రువపత్రం టైపయింది. వైస్ ఛాన్సలర్ గారు సంతకం పెట్టి బృందాన్ని సాగనంపడానికి స్టేషన్‌కి వెళ్ళిపోయారు. సువార్త, దీవెనమ్మ నా బల్ల ముందు నిలబడ్డారు. కాగితం మీద ఇలా ఉంది: "రాహేలమ్మ (వొడ్రిస్కా ప్రభువు నుండి విడివడిన ఆమె) యొక్క న్యాయ దృష్టిపై పరిశోధన ఆమోదించబడినది." అలా ఉండక తప్పదు. ఆ బ్రాకెట్ లేకపోతే ఆమె ఒంటిది, ఒంటిదైతే డాక్టరేటు లేదు. ఇక మీదట ఆ పేరు ఎక్కడ రాసినా దాని వెనక ఆ గుర్రాల దొర ఉంటాడు.

సువార్త దాన్ని దీవెనమ్మకి చదివి వినిపించింది. ముసలావిడ కర్ర మీద గడ్డం ఆనించుకుని అంతా వింది.

"తీసుకోమ్మాయ్. ఉద్దోగం పోగొట్టుకోమాక. పిల్లలకి మా అమ్మ సంగతి చెప్పేటప్పుడు కాగితం చూసి చెప్తావా ఏంది?"

"చూడను మామ్మా" అంది సువార్త.

అని నా బల్ల మీది పెన్ను తీసుకుంది. తీసుకున్నట్టు సంతకం పెడుతుందనుకున్నాను. బ్రాకెట్‌ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అడ్డంగా కొట్టేసి, కాగితం నా ముందుకి జరిపింది.

ఆఫీసు భాషలో దాన్ని కొట్టివేత అంటారు. అధికారి పక్కన పొట్టి సంతకం పెడితే కొట్టివేత చెల్లుతుంది. పెట్టకపోతే కాగితమే చెల్లదు, రేపు పొద్దున్న ఇంటర్వ్యూ దగ్గర దాన్ని చూసి వెనక్కి పంపేస్తారు. అది నాకు తెలుసు, ఆ పిల్లకి కూడా తెలుసు. వైస్ ఛాన్సలర్ గారికి ఫోన్ చేస్తే వద్దంటారనీ తెలుసు. అయిదు నిమిషాల్లో తీసుకుని పోగలిగిన ఉద్యోగాన్ని ఆ పిల్ల నా పెన్ను కింద పెట్టి నిలబడింది. నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం ఆమె మీద కాదని కాసేపటికి అర్థమైంది. కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టి, సీలు వేసి ఇచ్చాను. సీలు కొంచెం వంకరగా పడింది.

సువార్తకి ఉద్యోగం వచ్చింది. నాకు మెమో వచ్చింది. వైస్ ఛాన్సలర్ ఆమోదించిన పత్రములో మీ ఇష్టానుసారము కొట్టివేతను ధ్రువీకరించి ఒక చింతకురాలిని ఒంటిని చేసియున్నారు, మీ చర్యకు అన్య సంస్కృతికి చెందిన ఏ అధికారి చర్యతో పోలిక కలదో ఆధారములతో తెలుపవలెను, లేనిచో ఆ చర్య ఒంటి చర్యగా పరిగణించబడును అని అందులో ఉంది. భాష నాకు కొత్తగా అనిపించలేదు.

సమాధానం చిత్తు చాలాసార్లు రాసి చించేశాను. చివరికి పంపింది ఇది: "అయ్యా, తమరు అడిగిన పోలిక లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఒంటిగా చేసిన పని అదొక్కటే. దానికి జోడీని నేను వెతకను."

పొట్టి సంతకం కాదు, కింద పూర్తి పేరు రాశాను.